క్యాలెండరు మీద గ్యాసు గుర్తు



తెనాలి దగ్గర మా ఊళ్లో, అమ్మ వంటింట్లో ఫ్రిజ్ పక్కన గోడకి ఏటా ఒక క్యాలెండరు వేలాడుతుంది. కిరాణా కొట్టువాళ్లు ఉగాదికో సంక్రాంతికో ఇచ్చేది. తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం అన్నీ అచ్చులో ఉంటాయి. వాటి పక్కన మిగిలిన ఖాళీలో అమ్మ పెన్సిలు రాతలుంటాయి. పాలు రాని రోజున ఇంటూ మార్కు, చీటీ కట్టిన రోజున టిక్కు. కొత్త గ్యాసు బండ పొయ్యికి తగిలించిన రోజున మాత్రం తేదీ చుట్టూ సున్నా చుట్టి, పక్కన ‘గ్యా’ అని ఒకే ఒక్క అక్షరం రాస్తుంది. వింటున్న వాళ్లలో చాలామంది ఇళ్లలో ఈ గుర్తు ఉండే ఉంటుంది. బండ ఎన్నాళ్లు వచ్చింది, మళ్లీ ఎప్పుడు బుక్ చెయ్యాలి అన్న రెండు ప్రశ్నలకీ అదే జవాబు.

పాత క్యాలెండర్లు అమ్మ పారెయ్యదు. డబ్బాల కింద పరచడానికి, పుస్తకాలకి అట్టలు వెయ్యడానికి అటక మీద చుట్టి పెడుతుంది. 2023 వేసవిలో ఊరెళ్లినప్పుడు అటక సర్దుతుంటే మూడేళ్ల క్యాలెండర్లు చేతికొచ్చాయి. ఊరికే కూర్చుని సున్నాకీ సున్నాకీ మధ్య రోజులు లెక్కపెట్టాను. 2020లో 34, 36, 35. 2021 చివరికి 41. 2022 శ్రావణ మాసంలో 49. ఆ ఏడాది, అంటే 2023 ఉగాది దాటాక, 52. ఇంట్లో మనుషులు అప్పుడూ ఐదుగురే, ఇప్పుడూ ఐదుగురే. అమ్మ, నాన్న, తమ్ముడు, మరదలు, మేనకోడలు.

ఆ రోజుల్లో బండ ధర ఎలా పెరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. హైదరాబాదులో 14.2 కిలోల బండ 2020 నవంబరులో 650 రూపాయల లోపు ఉండేది. 2023 మార్చికి 1,155 అయింది. అంతకుముందు ఎంతో కొంత ఖాతాలో పడే సబ్సిడీ కూడా 2020 వేసవి తర్వాత మామూలు ఇళ్లకి దాదాపుగా ఆగిపోయింది. ఊరిని బట్టి పదో పాతికో తేడా ఉంటుంది గానీ కథ ఒకటే. రెండున్నరేళ్లలో బండ ఖరీదు ఇంచుమించు ఒకటికి ముప్పావు జోడైంది.

కాగితం మీద చూస్తే అమ్మ చాలా పొదుపుగా సంసారం నడిపినట్టే. 35 రోజుల బండని 52 రోజులు లాగింది కదా. కానీ నాకు మనసు ఒప్పలేదు. పప్పు ఉడకడానికి పట్టే మంట ధర పెరిగిందని తగ్గదు. మరి ఆ 17 రోజులు ఎక్కణ్నుంచి వచ్చాయి? ఈ పూట మీతో చెప్పాలనుకున్నది ఆ 17 రోజుల సంగతే.

అమ్మని అడిగితే మొదట, “ఏముందే, జాగ్రత్తగా వాడుకుంటున్నాం,” అంది. నాలుగు రోజులు వంటింట్లో తిరిగితే ఒక్కొక్కటీ తెలిసింది. స్నానాల నీళ్లు గ్యాసు మీద కాగడం మానేశాయి. పెరట్లో మూలన పడి ఉన్న నీళ్ల పొయ్యి మళ్లీ వెలిగింది. కొబ్బరి మట్టలు, తాటాకులు, చేలో మిగిలిన పత్తి కట్టె, మిరప కట్టె దానికి మేత. పొద్దున్నే ఐదింటికి అమ్మ దాని ముందు కూర్చుంటుంది. ఆ 17లో ఇదొక ఆరేడు రోజులు. రెండు పూటలా వండే అన్నం ఒక పూటకి తగ్గింది. రాత్రికి పొద్దుటి అన్నమే, మజ్జిగ పోసుకుని. పిల్లకి మాత్రం కాస్త వేడి చేసి పెడతారు. ఇదో నాలుగైదు రోజులు. కందిపప్పు వారానికి రెండుసార్లకి తగ్గి, త్వరగా ఉడుకుతుందని పెసరపప్పు ఎక్కువైంది. రోజూ పోసే దోసెలు ఆదివారానికి పరిమితమయ్యాయి. దోసె ఒక్కొక్కటిగా పోయాలి, పొయ్యి ముప్పావుగంట వెలగాలి. ఇడ్లీ అయితే ఒక్క వాయిలో అయిపోతుంది. అమ్మకి సాయంత్రం నాలుగింటికి తాగే కాఫీ ఒకటుండేది, అదీ పోయింది. నాన్నకి ఉంది. పండక్కి తప్ప పిండివంటలు లేవు.

వీటిల్లో కొన్ని మంచి మార్పులే. పప్పు ముందే నానబెట్టడం, మూత పెట్టి వండటం, కుక్కరు రెండు కూతలకి దింపి ఆవిరి దానంతటదే పోయేదాకా ఆగడం, ఇవి ఎప్పుడు చేసినా మేలే. కానీ మిగిలినవి? చద్దన్నం తినడం, పొగలో కూర్చోవడం, కాఫీ మానడం, ఇవి గ్యాసు పొదుపు కావు. గ్యాసు ఖర్చుని ఇంకోచోటికి తోశారంతే. ఆ ఇంకోచోటు ఎక్కువగా అమ్మ ఒళ్లే.

కరెంటు, గ్యాసు, పెట్రోలు మనం తినేవి కావు, కట్టుకునేవి కావు. నాకు రెండు యూనిట్ల కరెంటు కావాలని ఎవరూ కోరుకోరు. మనకి కావలసింది ఉడికిన అన్నం, కాస్త గాలి, పిల్ల చదువుకోవడానికి వెలుతురు, పనికి చేరుకోవడం. ఉల్లిపాయల ధర పెరిగితే ఓ వారం ఉల్లి లేకుండా కూర వండుకోవచ్చు. మంట లేకుండా వండలేం. అందుకే ఇంధనం ధర పెరిగినప్పుడు ఇంధనం వాడకం కొంచెమే తగ్గుతుంది, కోత పక్కవాటి మీద పడుతుంది. కేంద్ర ప్రభుత్వం 2022–23లో చేసిన కుటుంబ వ్యయ సర్వేలో, ఇంటి ఖర్చులో ప్రతి 100 రూపాయలకీ 6 రూపాయల పైచిలుకు వంట ఇంధనానికీ దీపాలకీ పోతోందని తేలింది. పల్లెలోనూ పట్నంలోనూ దాదాపు అంతే. 6 రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ ఇది బండకీ కరెంటుకీ నేరుగా కట్టేది మాత్రమే. బండికి పోసే పెట్రోలు, బస్సు టిక్కెట్టు ఇందులో లేవు. కూరగాయలు తెచ్చే ఆటోకి డీజిలు పెరిగితే వంకాయ ధరలో వస్తుంది. 19 కిలోల హోటలు బండ 2022లో 2,000 రూపాయల పైన ఉన్నప్పుడు బడ్డీ కొట్టు ఇడ్లీ ప్లేటులో వచ్చింది. ఒకే ధర మన ఇంట్లోకి నాలుగు గుమ్మాల గుండా వస్తుంది. మనం తలుపు వేసేది ఒక్క గుమ్మానికే.

మన వాళ్లకి ఈ సర్దుబాట్లు కొత్త కాదు. నాకంటే పెద్దవాళ్లకి ఊక పొయ్యి గుర్తుండాలి. రేకు పొయ్యి మధ్యలో సీసానో రోకలి బండనో నిలబెట్టి, చుట్టూ ఊకో రంపపు పొట్టో గట్టిగా దట్టించి, నెమ్మదిగా సీసా పైకి లాగేస్తే మధ్యలో గొట్టంలా దారి మిగులుతుంది. కింద చిన్న పుల్ల పెట్టి అంటిస్తే గంటల తరబడి సన్నగా కాలేది. రైసు మిల్లులున్న మా కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో ఊకకి కొదవ లేదు. మా అమ్మమ్మ పొద్దున్నే పొయ్యి దట్టించి పెట్టుకుంటే మధ్యాహ్నం వంటంతా దాని మీదే. దట్టించడంలో వదులు వచ్చిందా, మధ్యలో కూలిపోయి ఇల్లంతా పొగ. పక్కింటి వాళ్లొచ్చి, “ఇవాళ మీ పొయ్యి కూలిందా అత్తయ్యా?” అని అడిగేవారట.

తర్వాత కిరసనాయిలు రోజులు. 1973లో అరబ్బు దేశాలు చమురు బిగించాక ప్రపంచమంతా ధరలు మండిపోయాయి. ఆ తర్వాత కొన్నేళ్లకే, 1977లో, తక్కువ కిరసనాయిలుతో ఎక్కువ మంట ఇచ్చేలా ఇండియన్ ఆయిల్ పరిశోధకులు నూతన్ స్టవ్ తయారు చేశారు. మధ్యతరగతి ఇళ్లలో అదొక హోదా. రేషను షాపు ముందు డబ్బాలు వరసగా పెట్టి, మనుషులు నీడన కూర్చునేవారు. అంతకుముందే, 1950లలో, హైదరాబాదు ఇంజినీరింగు పరిశోధనశాలలో ఎస్.పి. రాజు గారు పొగ గొట్టం ఉన్న మట్టి పొయ్యి ఒకటి రూపొందించి, పేదింటి వంటగదికి పొగ పీడ వదిలించాలని ఎంతో తాపత్రయపడ్డారు. ఆయన చూసింది కట్టె ఆదా ఒక్కటే కాదు, ఆ కట్టె ముందు కూర్చునే మనిషిని చూశారు. నాకు ఆయన మీద గౌరవం అందుకే.

1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం వచ్చింది. మహిళల పేరు మీద గ్యాసు కనెక్షన్లు. 2016లో దేశమంతటికీ ఉజ్వల. ఈ రెండూ చేసిన మేలు చిన్నది కాదు. కానీ కనెక్షను రావడం వేరు, బండ మళ్లీ నింపించుకోగలగడం వేరు. మా మండలంలో ఎన్నో ఇళ్లలో నేను చూసిన దృశ్యం ఒకటుంది. గ్యాసు పొయ్యి శుభ్రంగా తుడిచి, మీద పూల గుడ్డ కప్పి ఉంటుంది. టీకి, చుట్టాలొస్తే, వానొస్తే వెలిగిస్తారు. మిగతా వంటంతా పంచలో కట్టెల పొయ్యి మీద. లెక్కల్లో ఆ ఇల్లు గ్యాసు వాడే ఇల్లే. ఆ ఇంటావిడ కళ్లు మాత్రం పొగ చూరిన కళ్లే. కళ్లలో శుక్లాలకీ ఊపిరితిత్తుల జబ్బులకీ ఆ పొగకీ ఉన్న సంబంధం వైద్యులు ఏనాడో చెప్పారు. కట్టె ఉచితంగా దొరుకుతుందనుకుంటాం. ఏరుకొచ్చే రెండు గంటలకీ, దగ్గుకి వాడే మందులకీ ఖరీదు కడితే అది బండ కంటే ఖరీదైన ఇంధనం.

ఇక పట్నం సంగతి. నేనుండేది హైదరాబాదులో. ఇక్కడ మా ఇంట్లో గుండె దడ కరెంటు బిల్లుతో. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చిన ధరలు చూడండి. నెలకి 200 యూనిట్లు కాల్చిన ఇంటికి మొదటి 100 యూనిట్లు 3 రూపాయల 40 పైసల చొప్పున, తర్వాతి 100 యూనిట్లు 4 రూపాయల 80 పైసల చొప్పున పడతాయి. మొత్తం 820 రూపాయలు. ఇందులో ఫిక్స్‌డ్ ఛార్జీలు అవీ కలపలేదు. అదే ఇల్లు ఇంకొక్క యూనిట్ కాల్చి 201కి వెళ్లిందనుకోండి. అప్పుడు ఇల్లే వేరే స్లాబులోకి వెళ్లిపోతుంది. మొదటి 200 యూనిట్లకీ 5 రూపాయల 10 పైసలు, ఆ చివరి యూనిట్‌కి 7 రూపాయల 70 పైసలు. మొత్తం 1,027 రూపాయల 70 పైసలు. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు. ఒక యూనిట్ అంటే ఎంతో తెలుసా? 2,000 వాట్ల గీజరు అరగంట వెలిగితే ఒక యూనిట్.

ఇక 2024 ఫిబ్రవరిలో మొదలైన గృహజ్యోతి పథకం కింద అర్హత ఉన్న ఇంటికి 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. అక్కడ గీత ఇంకా పదునుగా ఉంటుంది. 200 అయితే ఏమీ కట్టక్కర్లేదు, 201 అయితే మొత్తం కట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ తీరు కొంచెం వేరు. 2022 ఏప్రిల్ నుంచి అక్కడ స్లాబులు మెట్ల వరస. మొదటి 30 యూనిట్లు 1 రూపాయి 90 పైసలతో మొదలై, 226వ యూనిట్ నుంచి 8 రూపాయల 75 పైసలు, 400 దాటితే 9 రూపాయల 75 పైసలు. పై మెట్టు ఎక్కినా కింది మెట్ల ధర మారదు. ఒక్క యూనిట్‌తో కొంప మునగదు గానీ, చివరి యూనిట్లు ఖరీదైనవే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పొదుపు ఎక్కడ చెయ్యాలో ఈ గీతలే చెబుతాయి. నెలకి 230 యూనిట్లు కాలే ఇంట్లో 30 యూనిట్లు తగ్గిస్తే పెద్ద మేలు. 160 కాలే ఇంట్లో పిల్లలు చదువుకుంటుంటే లైటు ఆపెయ్యమని కేకలెయ్యడం వల్ల వచ్చేది ఏమీ లేదు. మామూలు సీలింగు ఫ్యాను 75 వాట్లు. రోజుకి 16 గంటలు తిరిగితే నెలకి 36 యూనిట్లు. కొత్తగా వచ్చిన బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల చుట్టూ తీసుకుంటుంది, నెలకి 14 యూనిట్లతో సరిపోతుంది. రెండు ఫ్యాన్లు మారిస్తే నెలకి 40 యూనిట్లకు పైగా మిగులుతాయి. ఎల్‌ఈడీ బల్బు 9 వాట్లే. దాన్ని ఆపడం మంచి అలవాటే గానీ, బిల్లు మోసేది బల్బు కాదు. గీజరు, ఏసీ, పాత ఫ్రిజ్, ఇవీ మోసేవి. ఏసీ ఒక్క డిగ్రీ పెంచితే ఆ వాడకంలో సుమారు 6 శాతం ఆదా అని ఇంధన సామర్థ్య బ్యూరో వాళ్లు చెబుతారు. 20లో పెట్టి దుప్పటి కప్పుకునే బదులు 25లో పెట్టి ఫ్యాను వేసుకుంటే సరిపోతుంది. బిల్లు వచ్చినప్పుడు చివరి అంకె ఒక్కటే చూడకండి. పాత రీడింగు ఏ తేదీది, కొత్తది ఏ తేదీది, మధ్య ఎన్ని రోజులు, అవీ చూడండి. మీటరు గోడ మీదే ఉంది, చదవడం పదేళ్ల పిల్లకి కూడా వస్తుంది.

ఒక విషయం మాత్రం నన్ను బాధపెడుతుంది. సర్దుబాటు ఛార్జీ అని బిల్లులో ఒక వరస ఉంటుంది. 2014 నుంచి 2019 దాకా పంపిణీ సంస్థలకి వచ్చిన లోటుని ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టు నుంచి వాయిదాల మీద వినియోగదారుల దగ్గర వసూలు చేశారు. సంస్థల లెక్కల్లో దానికి కారణాలుంటాయి, కాదనను. కానీ రేపటి ఖర్చు పెరుగుతుందంటే ఇల్లాలు రేపు తగ్గించుకోగలదు. ఎనిమిదేళ్ల కిందట కాలిపోయిన కరెంటుని ఇప్పుడెలా ఆదా చేస్తుంది? పైగా అప్పుడా ఇంట్లో ఉన్నది ఇంకో అద్దె కుటుంబం కావచ్చు. ధర పెంచక తప్పకపోతే ముందుగా చెప్పి పెంచాలి. కరెంటు ధర మన జనానికి చిన్న విషయం ఎన్నడూ కాదు. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో ఛార్జీల పెంపుకి వ్యతిరేకంగా వచ్చిన జనం మీద కాల్పులు జరిగి ప్రాణాలే పోయాయి. ఆ రోజుని మరిచిపోయి కరెంటు ధరల గురించి మాట్లాడటం నాకు చేతకాదు.

మా అపార్టుమెంటులో నాలుగిళ్లలో పనిచేసే ఆమె ఉంది. ఆమె ఒకే గదిలో అద్దెకుంటుంది. ఇంటి యజమాని సబ్ మీటరు పెట్టి యూనిట్‌కి 10 రూపాయల లెక్కన తీసుకుంటాడు. ఆమె కాల్చేది నెలకి 40 యూనిట్లు. తన పేరు మీద మీటరు ఉంటే మొదటి స్లాబులో, 2 రూపాయల లోపు ధరకి వచ్చే కరెంటు అది. గ్యాసూ అంతే. చాలాకాలం ఆమెకి సొంత కనెక్షను లేదు. చిన్న బండలో కిలోల లెక్కన నింపించుకునేది. 2025 ఏప్రిల్ నాటి 905 రూపాయల ధర చూస్తే 14.2 కిలోల బండలో కిలో 64 రూపాయలు పడేది. ఆమె దాదాపు దానికి రెట్టింపు పెట్టి కొనేది. అలా నింపడం ఎంత ప్రమాదమో తెలిసీ, వేరే దారి లేక కొనేది. ఉన్నవాళ్లకి ఇంధనం టోకు ధరకి, లేనివాళ్లకి చిల్లర ధరకి. ఇంధనం ధరలు పెరిగాయని మాట్లాడుకునేటప్పుడు ఎవరింట్లో ఎంత పెరిగాయి అని అడగాలని ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సులు ఉచితమయ్యాయి. కొన్ని నెలల తర్వాత ఆమెనడిగాను, బస్సు డబ్బులు మిగులుతున్నాయి కదా, ఏం చేస్తున్నావని. “అర లీటరు పాలు తీసుకుంటున్నానమ్మా, పిల్లోడికి,” అంది. పెట్రోలు, డీజిలు పెరిగినప్పుడు ఆ ఇంట్లో మొదట ఆగింది పాలే. మిగిలినప్పుడు మొదట తిరిగొచ్చిందీ పాలే. ఆంధ్రప్రదేశ్‌లో కూడా 2025 ఆగస్టు 15 నుంచి ఈ సౌకర్యం వచ్చింది. ఎందరిళ్లలో ఏం తిరిగొచ్చిందో ఎవరైనా అడిగి రాస్తే బాగుండు.

బస్సు మాట వచ్చింది కాబట్టి బండి మాట కూడా చెప్పాలి. 2022 ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాదులో లీటరు పెట్రోలు 119 రూపాయలు దాటింది. నాకు తెలిసిన ఇళ్లలో ఇంటాయన మోటారు సైకిలు ఆగలేదు. పనికి వెళ్లాలి కదా, ఆగకూడదు కూడా. ఆగిందేమిటంటే ఆవిడ ఆసుపత్రికి ఆటోలో వెళ్లడం, పుట్టింటికి వెళ్లడం, ఆదివారం పిల్లల్ని ఎక్కడికైనా తీసుకెళ్లడం. ఏ ఖర్చు తప్పనిసరి, ఏది తప్పించుకోదగ్గది అన్న తీర్పు ఇంట్లో ఎవరు చెబుతారో, కోత వాళ్ల మీద పడదు. దీన్ని ఎవరి మీదా నేరంగా చెప్పడం లేదు. చాలా ఇళ్లలో ఆ తీర్పు ఎవరూ నోటితో చెప్పరు. దానంతటదే జరిగిపోతుంది, అమ్మ కాఫీ ఆగిపోయినట్టు. ఆగిపోయిందని నాన్నకి తెలియనే తెలియదు. నేను చెబితే విని, కాసేపు మాట్లాడలేదు ఆయన.

అందుకే నేను కోరేది చిన్న పని. నెలకొక్కసారి గ్యాసు రసీదు, కరెంటు బిల్లు, పెట్రోలు లెక్క మూడూ భోజనాల దగ్గర అందరి ముందూ పెట్టండి. ఈసారి దేన్ని తగ్గిద్దాం, ఎవరు తగ్గించుకుంటారు అని నోరు తెరిచి మాట్లాడుకోండి. మాట్లాడుకుంటే గీజరు ఐదు నిమిషాలు తగ్గుతుంది, ఒక మనిషి కాఫీ ఆగదు.

పెద్ద మార్పులకి వెళ్లేముందు కూడా లెక్క చూసుకోవాలి. ఇండక్షను పొయ్యి చౌక అని కొందరు, దండగ అని కొందరు. రెండూ నిజమే. ఒక బండ చేసే వంటంతా ఇండక్షను మీద చెయ్యాలంటే సుమారు 140 యూనిట్లు పడతాయి. మీ ఇంట్లో ఆ అదనపు యూనిట్లు 5 రూపాయల స్లాబులో పడితే 700 రూపాయలతో తేలుతుంది, ఆ 905 రూపాయల బండ కంటే నయం. 8 రూపాయల 75 పైసల స్లాబులో పడితే 1,200 దాటుతుంది. ఒకే పొయ్యి ఒకరింట్లో లాభం, ఎదురింట్లో నష్టం. ఇంటిపైన సౌర పలకల సంగతీ అంతే. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకి 78,000 రూపాయల దాకా రాయితీ ఉంది. సొంత డాబా ఉండి, నెలకి 300 యూనిట్లు కాల్చే వాళ్లకి మంచి దారి. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకి డాబాయే లేదు. వాళ్ల కోసం ఏం చెయ్యాలో ప్రభుత్వాలు ఇంకా ఆలోచించాలి.

మళ్లీ అమ్మ క్యాలెండరు దగ్గరికి వద్దాం. 2023 ఆగస్టు చివర బండ మీద 200 రూపాయలు తగ్గించారు. 2024 మార్చిలో మరో 100 తగ్గి హైదరాబాదులో 855కి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో 50 పెరిగి 905 అయింది. 2024 నవంబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో దీపం–2 కింద అర్హత ఉన్న ఇళ్లకి ఏడాదికి మూడు బండలు ఉచితంగా ఇస్తున్నారు. మా ఇంటికీ వచ్చాయి. సరే, ఇక సున్నాల మధ్య దూరం మళ్లీ 35కి దిగి ఉంటుందని ఆశతో పోయిన దసరాకి వెళ్లినప్పుడు క్యాలెండరు చూశాను. 47 ఉంది.

“అదేంటమ్మా, ఇప్పుడు భారం తగ్గిందిగా?” అన్నాను.

“అలవాటైపోయిందే. నీళ్ల పొయ్యి దగ్గర కూర్చుంటే నాకూ తోచుబడి,” అంది. అని, చీర చెంగుతో కళ్లు తుడుచుకుంది. ఏడుపు కాదు, పొగ. ధర పెరిగినప్పుడు చేసుకున్న సర్దుబాటు ధర తగ్గినా వెనక్కి పోలేదు. అది ఇంటి పద్ధతి అయిపోయింది.

ఆ సాయంత్రం తమ్ముడు, మరదలు, నాన్న, నేను కూర్చుని మాట్లాడుకున్నాం. నీళ్ల పొయ్యి మానెయ్యాలని, డాబా మీద నల్ల ట్యాంకులో ఎండకి కాగిన నీళ్లే సాయంత్రం స్నానాలకి వాడాలని, చలికాలంలో మాత్రం గ్యాసు మీద కాచుకోవాలని అనుకున్నాం. రాత్రికి వేడన్నం వండాలని మా మేనకోడలు పట్టుబట్టింది. “అత్తా, నువ్వున్నన్నాళ్లూ వండి, తర్వాత మానేస్తారు చూడు,” అంది. మానరని వాళ్ల నాన్న చేత మాట తీసుకుంది. నాలుగింటి కాఫీ రెండు గ్లాసుల్లో పెట్టాల్సిన బాధ్యత నాన్న తీసుకున్నాడు.

బయల్దేరే రోజు ఉదయం కొత్త బండ తగిలించారు. ఆ తేదీ చుట్టూ సున్నా నేనే చుట్టాను. తర్వాతి సున్నా ఎన్నాళ్లకి పడిందో ఫోనులో అడగలేదు, సంక్రాంతికి వెళ్లి గోడ మీదే చూసుకుంటాను.